హార్లిక్స్ సీసాల్లో సాంగ్రియా

గోపీకృష్ణ జీవితంలో ఒక్కసారే మద్యం తాగాడు. హైదరాబాదులో మొదటి ఉద్యోగంలో చేరిన కొత్తలో, ట్రైనింగ్ ముగిసిందని తోటివాళ్ళు బలవంతం చేస్తే అర గ్లాసు బీరు తాగి మేనేజరు బూట్ల మీద కక్కుకున్నాడు. ఆ తరవాత ఎనిమిదేళ్ళలో రెండు ఉద్యోగాలు మారాడు, దేశం మారాడు, పెళ్ళి చేసుకున్నాడు. ఆ బూట్లు మాత్రం అతని కళ్ళ ముందు నుంచి కదల్లేదు. సింగపూర్‌లో ఆఫీసు పార్టీలకు వెళ్ళినప్పుడు నారింజరసం గ్లాసు పట్టుకుని ఒక మూల నిలబడేవాడు. ఎవరైనా అడిగితే, "బీరు నాకు పడదు. వైన్ అయితే తీసుకుంటాను" అనేవాడు. అక్కడ వైన్ ఉండేది కాదు కనుక ఆ మాట నిలబడేది.

అది రెండువేల సంవత్సరం జూలై నెల. జనవరి ఒకటో తారీఖున ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని భయపెట్టి బతికిన కంపెనీలు, ఒక్కటీ ఆగకపోయేసరికి ఇంటర్నెట్ మీద పడ్డాయి. గోపీకృష్ణ పనిచేసే కంపెనీ పాయా లేబర్‌లో ఒక భవనం ఆరో అంతస్తులో ఉండేది. హోటల్ గదులు ఇంటర్నెట్‌లో బుక్ చేసుకునే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తున్నారు. కొనేవాళ్ళు మాడ్రిడ్‌లో ఉన్నారు. పని ఎలా సాగుతోందో చూడడానికి వాళ్ళు పిలార్ అనే ఆవిణ్ణి మూడు నెలల కోసం పంపారు. నలభై అయిదేళ్ళుంటాయి. పొట్టి జుట్టు, కాళ్ళకి కాన్వాస్ బూట్లు. వెళ్ళేటప్పుడు ఆవిడ ఇక్కణ్ణుంచి ఒకరిని ఏడాది పాటు మాడ్రిడ్‌కి తీసుకుపోతుందని ఆఫీసులో అందరికీ తెలుసు.

ఆ ఒక్కరూ తనే కావాలని గోపీకృష్ణ కోరిక. కోరిక అనడం కూడా తక్కువే. స్పానిష్ భాష నేర్పే చిన్న పుస్తకం కొని రోజూ రైల్లో చదివేవాడు. బుకిట్ పంజాంగ్ నుంచి పాయా లేబర్‌కి గంట పైన ప్రయాణం కనుక రెండు నెలల్లో పుస్తకం సగం అయింది. "నమస్కారం", "ధన్యవాదాలు", "నా సామాను పోయింది" అనే మూడు మాటలు గట్టిగా వచ్చాయి.

ఒక మంగళవారం మధ్యాహ్నం ఆఫీసు పక్కన, వరసగా తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌లో పిలార్, గోపీకృష్ణ, శ్యాంసుందర్ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. శ్యాంసుందర్ కరీంనగర్ నుంచి వచ్చిన కుర్రాడు. గోపీకృష్ణ పక్క సీటే. ఇంటినుంచి తెచ్చుకున్న పెరుగన్నం డబ్బా తప్ప ఇంకేదీ ముట్టడు. ఇంత ఎండలో మీ వాళ్ళు ఏం తాగుతారని పిలార్ అడిగింది.

"నేను మజ్జిగ తాగుత మేడమ్. మందు అలవాటు లేదు" అన్నాడు శ్యాంసుందర్, వచ్చిన ఇంగ్లీషులో.

పిలార్ తల గోపీకృష్ణ వైపు తిరిగింది. అతను ముందు రోజే స్పెయిన్ గురించి ఒక వెబ్ పేజీ చదివి ఉన్నాడు. అందులో ఎద్దులున్నాయి, చర్చీలున్నాయి, చివర్లో పళ్ళముక్కలు తేలుతున్న ఎర్రటి పానీయం బొమ్మ ఒకటి ఉంది.

"మా ఇంట్లో సాంగ్రియా చేసుకుంటాం" అన్నాడు.

పిలార్ చెంచా కింద పెట్టింది. "ఇంట్లోనా? ఎవరు చేస్తారు?"

"నేనే. వేసవి వస్తే తప్పకుండా చేస్తాను."

సింగపూర్‌లో పన్నెండు నెలలూ వేసవే కనుక అది చాలా పెద్ద మాట అయింది. తనకి ఒకసారి రుచి చూడాలని ఉందని పిలార్ అంది. శనివారం సాయంత్రం నాలుగింటికి మా ఇంటికి రండి అని గోపీకృష్ణ నోరు దానంతట అదే చెప్పేసింది.

ఆవిడ చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళగానే శ్యాంసుందర్ దగ్గరికి జరిగాడు. "అన్నా, సాంగ్రియా అంటే ఏంది?"

"పళ్ళూ వైనూ కలిపి చేస్తారు."

"నువ్వెప్పుడు చేసినవ్?"

"చేస్తాను."

"అంటే ఇంక చెయ్యలే."

"శనివారం నాలుగింటికల్లా చేసి ఉంటాను కదా."

శ్యాంసుందర్ కాసేపు ఆలోచించి, అదీ నిజమేనని ఒప్పుకుని, డబ్బా మూత పెట్టాడు.

ఆ సాయంత్రమే గోపీకృష్ణ భార్యకి విషయం చెప్పాడు. నిఖిల ఒక బ్యాంకులో ప్రోగ్రామర్. అప్పటికి ఆరో నెల. ఇద్దరే ఉన్నప్పుడు అతన్ని గోపీ అంటుంది, అమ్మ ఎదురుగా ఏవండీ అంటుంది. ఆమె తల్లి భ్రమరాంబ నెల రోజుల కిందట ఏలూరు నుంచి వచ్చారు. ముప్పై ఏళ్ళు గవర్నమెంటు హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషి.

"అమ్మకి తెలిస్తే?" అంది నిఖిల గొంతు తగ్గించి.

"తెలియనిస్తే కదా."

"తాగని వాడివి, చేస్తానని ఎందుకు చెప్పావు గోపీ?"

"మాడ్రిడ్ కోసం. మన ముగ్గురి కోసం. ఏడాది యూరప్‌లో ఉండి వస్తే ఎలా ఉంటుందో ఊహించు. పాప అక్కడే మొదటి అడుగు వేస్తుంది." అతనప్పటికే అక్కడ అద్దె ఇల్లు కూడా ఊహించుకుని ఉన్నాడు. నిఖిల ఇంకేదో అనబోయింది. అతను ఆఫీసు ప్రింటర్ మీద తీసిన సాంగ్రియా తయారీ కాగితాలు సంచీలోంచి బయటికి తీశాడు. ఆమె అనబోయిన మాట అలాగే ఉండిపోయింది.

గురువారం నాడు స్టేషన్ కింద సూపర్ మార్కెట్టుకి వెళ్ళాడు. వైన్ సీసాల దగ్గర తెల్ల చొక్కా తొడుక్కున్న చైనీస్ అంకుల్ ఒకాయన, "స్వీట్ వన్, డ్రై వన్?" అని అడిగాడు. సీసా నిండా నీళ్ళలా ఉన్నది డ్రై ఎలా అవుతుందో గోపీకృష్ణకి అర్థం కాలేదు.

"స్పానిష్ వన్" అన్నాడు.

"కేన్. విత్ వాట్ మకాన్?"

సరే, ఏ తిండితో అని ఆయన ప్రశ్న. గోపీకృష్ణ కొంచెం ఆలోచించి, నిజమే చెప్పాడు. పులిహోర. చింతపండు కలిపిన అన్నమని వివరించాడు. అంకుల్ ఇలాంటి కేసు ఎప్పుడూ చూడలేదన్నట్టు తల గోక్కుని, రెండు రకాల్లో ఒక్కో సీసా తీసి అతని చేతుల్లో పెట్టాడు. "ట్రై లా" అన్నాడు. ఆ రెండు సీసాలూ, చిన్న బ్రాందీ బుడ్డీ, నారింజలూ, నిమ్మకాయలూ, క్రికెట్ బంతుల్లా గట్టిగా ఉన్న ఆరు పీచ్ పండ్లూ తీసుకుని ఇంటికొచ్చాడు.

అవన్నీ స్టోరు గదిలో సూట్‌కేసుల వెనక దాచాడు, కాగితాలతో సహా. యుద్ధం వస్తే దాక్కోవడానికని కొత్త ఫ్లాటులన్నిట్లో ఇనప తలుపుతో ఒక చిన్న గది కట్టిస్తారు అక్కడ. యుద్ధం రాలేదు కనుక అందరూ అందులో బియ్యం బస్తాలు పెట్టుకుంటారు. భ్రమరాంబ రోజూ ఆరింటికి కిందికి వెళ్ళి, తోటి మామ్మలతో ఓ గంట నడిచి వస్తారు. శుక్రవారం ఆ గంటలో పని పూర్తి చేసెయ్యాలని భార్యాభర్తలు అనుకున్నారు.

శుక్రవారం ఆరుంపావుకి గోపీకృష్ణ తలుపు తీసేసరికి భ్రమరాంబ నడకకి వెళ్ళలేదు. భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. ఎదురుగా రెండు వైన్ సీసాలూ, బ్రాందీ బుడ్డీ వరసగా నిలబెట్టి ఉన్నాయి. పళ్ళు కడిగి బుట్టలో పెట్టి ఉన్నాయి. అయిదు కాగితాలూ పక్కపక్కన పరిచి ఉన్నాయి. ఆవిడ చేతిలో పెన్సిలు ఉంది. నిఖిల కుర్చీలో తల వంచుకుని నారింజ తొక్క తీస్తోంది.

"బియ్యం కోసం వెళ్ళాను. కూర్చోండి బాబూ" అన్నారావిడ.

"అది ద్రాక్షరసం అత్తయ్యగారూ."

భ్రమరాంబ కళ్ళజోడు సర్దుకుని సీసా తిప్పి చూశారు. "పన్నెండున్నర శాతం ఆల్కహాలు అని రాశాడు. ద్రాక్షరసానికి శాతాలుండవు."

గోపీకృష్ణ కూర్చున్నాడు.

"మీరు తాగుతారా?"

"లేదండీ. ఒట్టు."

"ఎప్పుడైనా చేశారా?"

"లేదండీ."

"అయితే ఈ ఇంట్లో ఎవరూ తాగనిది, ఎవరూ చెయ్యనిది, రేపు ఒక స్పెయిన్ ఆవిడకి మా ఇంటి వంటకమని ఇవ్వబోతున్నాం. అది ఆవిడ దేశపు వంటకం."

"అవునండీ."

"ఎవరో తెల్లాయన ఏలూరొచ్చి నాకు పెసరట్టు వేసి పెట్టినట్టు."

గోపీకృష్ణ తిట్లు పడతాయని ఎదురుచూశాడు. అల్లుణ్ణి తిట్టరు కనుక కనీసం కూతుర్ని తిట్టాలి. ఆవిడ ఎవరినీ తిట్టలేదు. సీసా మూత మీద వేలు పెట్టి, కొంచెం ముందుకి వంగారు.

"ముప్పై ఏళ్ళు పదో తరగతికి ఈ పాఠం చెప్పాను బాబూ. కిణ్వనం. చక్కెర, ఈస్టు, ఆల్కహాలు, కార్బన్ డయాక్సైడు. పరీక్షలో నాలుగు మార్కుల ప్రశ్న. బోర్డు మీద ద్రాక్షగుత్తి బొమ్మ వేసి, బాణం గుర్తు పెట్టి, సీసా బొమ్మ వేసేదాన్ని. ఆ సీసాలోది ఎలా ఉంటుందో ఇంతవరకూ చూడలేదు. ప్రాక్టికల్ లేకుండా పాఠం చెప్పడం నాకెప్పుడూ నచ్చలేదు." కూతురి వైపు తిరిగారు. "మూత ఎలా తీస్తారే దీనికి?"

మూత తియ్యడానికే ఇరవై నిమిషాలు పట్టింది. ఇంట్లో కార్కు తీసే పరికరం లేదు. గోపీకృష్ణ స్క్రూడ్రైవర్‌తో తవ్వితే సగం కార్కు పొడిగా రాలి లోపలే పడింది. భ్రమరాంబ టీ వడపోసే జల్లెడ అడిగి తీసుకున్నారు. ఈలోగా ఆవిడ అయిదు కాగితాలూ చదివి తేల్చిన సంగతులు చెప్పారు.

"ఒకడు బ్రాందీ పొయ్యకపోతే అది సాంగ్రియానే కాదన్నాడు. రెండోవాడు బ్రాందీ పోసినవాణ్ణి తిట్టిపోశాడు. ఒకడు సోడా అంటాడు, ఒకడు వద్దంటాడు. ఇదొకటి దాల్చినచెక్క. అయిదుగురూ తమదే అసలైనదని రాశారు. మన పప్పుచారు గొడవలాగే ఉంది." ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడకి స్పెయిన్ దేశం మీద కొంత గౌరవం కలిగినట్టు కనిపించింది. "బ్రాందీ వద్దు. అది వేస్తే ఏ రుచి దేనివల్ల వచ్చిందో తెలియదు."

పీచ్ పండుని కత్తితో నొక్కి చూసి పెదవి విరిచారు. "ఇవి రాళ్ళు. ఎంత నానేసినా నానవు." తొక్క తీసి ముక్కలు కోసి, ఉసిరికాయ మురబ్బాకి పెట్టినట్టు చక్కెర పాకం పెట్టి, దాల్చినచెక్క వేసి అందులో ఉడకబెట్టారు. గోపీకృష్ణ తొందరపడి వైన్ పొయ్యబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. "చల్లారనివ్వండి. డెబ్భై ఎనిమిది డిగ్రీలకి ఆల్కహాలు ఆవిరైపోతుంది. అంత ఖర్చుపెట్టి తెచ్చింది వంటింటి గాలికి తాగించడమెందుకు?"

ఇంట్లో గాజు కూజా లేదు. స్టీలు గిన్నెలో పులుపు పొయ్యడానికి ఆవిడ ఒప్పుకోలేదు. చివరికి కందిపప్పు, మినప్పప్పు, జీలకర్ర ఖాళీ చేసి మూడు హార్లిక్స్ సీసాలు కడిగి తుడిచారు. వాటిలో పీచ్ ముక్కలు, నారింజ చక్రాలు, పాకం, పైన వైన్. ఎర్రగా, అందంగానే ఉంది. ముగ్గురూ నిలబడి చూశారు.

"రుచి ఎలా తెలుస్తుంది?" అంది నిఖిల.

తను తాగకూడదు. గోపీకృష్ణ సీసా దగ్గరికి ముక్కు తీసుకెళ్ళాడు. హైదరాబాదు బూట్లు గుర్తొచ్చి వెనక్కి వచ్చేశాడు. భ్రమరాంబ ఇద్దరినీ చూసి, చెంచా తీసుకున్నారు.

"నేను ద్రాక్షాసవం తాగలేదూ? నిన్ను కన్న తరవాత మా అమ్మ నాకు నెల రోజులు పట్టింది" అన్నారు కూతురితో. ఎవరూ కాదనలేదు. చెంచాడు నోట్లో పోసుకుని, కళ్ళు మూసుకుని, చాలాసేపు ఉంచి మింగారు.

"వగరు. పులుపు. చక్కెర చాలదు."

చక్కెర వేశారు. తేడా తెలియాలి కనుక ఇంకో చెంచా చూశారు. రెండో సీసాలో దాల్చినచెక్క ఎక్కువైందేమో చూడాలి కనుక దానిదీ ఒకటి. మూడోదాన్ని వదిలేస్తే ప్రయోగం పూర్తికాదు. ఆఖరున మొదటిదాన్ని మళ్ళీ చూశారు. అయిదు చెంచాలకి ఎవరికీ ఏమీ కాదు. ఆ సాయంత్రం మాత్రం ఆవిడ, తనకి ఇరవై ఏళ్ళు ప్రాక్టికల్స్ గది తాళం ఇవ్వని హెడ్మాస్టరు సుధాకరరావు గురించి, ఇంతకుముందు కూతురికి కూడా చెప్పని సంగతులు చాలా చెప్పారు.

శనివారం నాలుగింటికి సరిగ్గా పిలార్ వచ్చింది. వస్తూనే, బుకిట్ పంజాంగ్‌లో ఇళ్ళ మధ్య తిరిగే చిన్న రైలు గురించి చెప్పింది. ఇళ్ళ పక్కనుంచి వెళ్ళేటప్పుడు రైలు అద్దాలు వాటంతట అవే మసకబారిపోయాయట. లోపలివాళ్ళు ఎవరింట్లోకీ తొంగిచూడకుండా ఆ ఏర్పాటని గోపీకృష్ణ వివరించాడు. "ఇంత మర్యాదగల రైలు మా దేశంలో లేదు" అంది పిలార్.

సోఫాలో కూర్చోబెట్టి గాజు గ్లాసులో సాంగ్రియా పోసి ఇచ్చాడు. సీసాల్ని వంటింట్లోనే ఉంచాడు. పిలార్ ఒక గుక్క తాగి ఆగింది. గ్లాసులోకి చూసింది. ఇంకో గుక్క తాగింది.

"చెంచా ఉందా?" అంది.

నిఖిల చెంచా తెచ్చింది. పిలార్ ఒక పీచ్ ముక్క తీసుకుని తింది. తరవాత రెండోది. మాట్లాడకుండా గ్లాసులో ముక్కలన్నీ తినేసింది.

"ఎన్నాళ్ళుగా చేస్తున్నారు ఇది?" అని అడిగింది.

"చాలా ఏళ్ళుగా" అన్నాడు గోపీకృష్ణ.

"నిన్నట్నుంచి" అన్నారు భ్రమరాంబ. ఆవిడ ఇంగ్లీషు సైన్సు టీచర్ ఇంగ్లీషు. నిదానంగా, ప్రతి అక్షరం వినబడేలా ఉంటుంది.

ఇద్దరూ ఒకేసారి చెప్పారు. పిలార్ ఒకసారి అతన్ని, ఒకసారి ఆవిణ్ణి చూసి, పడీపడీ నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది.

"ఇది సాంగ్రియా కాదు" అంది. "మా ఊరు జరగోసా దగ్గర పల్లెటూరు. చుట్టూ పీచ్ తోటలు. మా అమ్మ పీచ్ ముక్కల్ని చక్కెరా దాల్చినచెక్కా వేసి వైన్‌లో ఊరబెట్టేది. పండగకి చెంచాతో తినేవాళ్ళం. పన్నెండేళ్ళయింది తిని. అమ్మ పోయాక ఎవరూ చెయ్యలేదు. సాంగ్రియా మా ఇంట్లో ఎప్పుడూ లేదు. నాకు పెద్దగా ఇష్టం కూడా లేదు."

"మరి రుచి చూడాలని ఉందన్నారు?" అన్నాడు గోపీకృష్ణ.

"నువ్వంత సంతోషంగా చెబుతుంటే వద్దని ఎలా అనను? మర్యాదకి ఒక గ్లాసు తాగి అయిదింటికి వెళ్ళిపోదామనుకున్నాను."

ఆవిడ అయిదింటికి వెళ్ళలేదు. వంటింట్లోకి వెళ్ళి హార్లిక్స్ సీసాలు చూసింది. ఉడకబెట్టడం ఎందుకని అడిగితే భ్రమరాంబ కాగితం మీద పెన్సిలుతో బొమ్మ వేసి చెప్పారు. ఒకరి ఇంగ్లీషు ఒకరికి సగమే అర్థమవుతున్నా ఇద్దరూ గంట సేపు మాట్లాడుకున్నారు. గోపీకృష్ణ మధ్యలో ఒకసారి స్పానిష్‌లో ధన్యవాదాలు చెప్పాడు. ఎవరూ పట్టించుకోలేదు.

పులిహోర తింటూ పిలార్ నిఖిల వైపు తిరిగింది. "మాడ్రిడ్ అంటే నీకు ఇష్టమేనా?"

"తనకి చాలా ఇష్టం" అన్నాడు గోపీకృష్ణ. "మేం ఎప్పుడూ అదే మాట్లాడుకుంటూ..."

"నేను ఆవిణ్ణి అడిగాను" అంది పిలార్, నవ్వుతూనే.

నిఖిల పళ్ళెంలో వేరుశెనగ గింజ ఒకటి పక్కకి జరిపింది. "తెలియదు. నన్నింతవరకూ ఎవరూ అడగలేదు" అంది.

కోపంగా అనలేదు. టైమెంతయిందంటే చెప్పినట్టు చెప్పింది. భ్రమరాంబ లేచి పిలార్‌కి ఇంకొంచెం పులిహోర వడ్డించారు. ఏడింటికి పిలార్ బయల్దేరింది. మిగిలిన ఒకటిన్నర సీసాలూ ఆవిడ సంచీలో పెట్టి ఇచ్చారు.

ఆదివారం గోపీకృష్ణ భార్యతో పెద్దగా మాట్లాడలేదు. తన అబద్ధం బయటపడ్డందుకు అత్తగారి మీద కోపం తెచ్చుకుందామని చూశాడు. రాలేదు. పిలార్ సంతోషంగానే వెళ్ళింది కదా, ఏం ఫరవాలేదని సర్దిచెప్పుకున్నాడు. నిఖిల అన్న మాట మాత్రం సర్దుకోలేదు. ఆమెని ఎప్పుడు అడిగానా అని వెనక్కి వెళ్ళి వెతుక్కున్నాడు. చెప్పిన సందర్భాలు పదీ పన్నెండు దొరికాయి. అడిగింది ఒక్కటీ దొరకలేదు.

సోమవారం పదింటికి పిలార్ మీటింగు పెట్టి, ఎంపికైన పేరు చదివింది. మాడ్రిడ్‌కి వెళ్ళేది శ్యాంసుందర్.

అందరూ చప్పట్లు కొట్టారు. శ్యాంసుందర్ మొహం తెల్లబోయింది. బయటికి రాగానే గోపీకృష్ణ చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, నేనేం అడగలే. ఒట్టన్నా. అక్కడ చలట. పెరుగు దొరుకుతదో లేదో. నువ్వు పోతవనే అనుకున్న."

"వెళ్ళరా. మంచి అవకాశం."

"నాకెందుకన్నా అవకాశం? నాకు ఈడనే మంచిగుంది" అన్నాడు శ్యాంసుందర్, ఏడుపు గొంతుతో.

మధ్యాహ్నం పిలార్ గోపీకృష్ణని తన గదిలోకి పిలిచింది. కుర్చీ చూపించి, సూటిగా చెప్పింది. "అక్కడ పనిచేసేవాడికి ఒక్క గుణం కావాలి. తెలియకపోతే తెలియదని చెప్పాలి. శ్యాం చెబుతాడు. పైగా ఒక్కడే. నీ ఇంట్లో నిర్ణయం నువ్వొక్కడివే తీసుకున్నావని శనివారం అర్థమైంది. అందులో నేను భాగం కాదలచుకోలేదు."

గోపీకృష్ణ తల ఊపాడు. లేవబోయాడు.

"ఆగు. నీ గురించి మీ డైరెక్టరుతో మాట్లాడాను. నిన్ను ప్రీ-సేల్స్‌కి మారుస్తున్నారు. జీతం పెరుగుతుంది."

ప్రీ-సేల్స్ అంటే ఏమిటో ఆఫీసులో అందరికీ తెలుసు. ఇంకా తయారుకాని సాఫ్ట్‌వేర్‌ని కొనబోయేవాళ్ళకి చూపించి, ఇది ఎన్నాళ్ళుగానో బ్రహ్మాండంగా నడుస్తోందని నమ్మించే ఉద్యోగం. ఆ రోజుల్లో కంపెనీలన్నీ దానిమీదే నడుస్తున్నాయి.

"నేనా?" అన్నాడు.

"ఎన్నడూ చెయ్యనిదాన్ని ప్రతి వేసవీ చేస్తానని నువ్వు చెప్పినప్పుడు నేను నమ్మాను. ఇరవై ఏళ్ళుగా అమ్మేవాళ్ళతో బేరాలాడుతున్న మనిషిని నేను. అది సామాన్యమైన విద్య కాదు." పిలార్ మొహంలో వెటకారం లేదు. నిజంగానే మెచ్చుకుంటోంది. "ఒక్కటే కష్టం. క్లయింట్లతో తరచు డిన్నర్లుంటాయి. వైన్ తాగాల్సి వస్తుంది."

"బీరు పడదండీ. వైన్ అయితే..." అని మొదలుపెట్టి గోపీకృష్ణ ఆగిపోయాడు. "వైన్ కూడా పడదు" అన్నాడు.

తనకి తెలుసునని పిలార్ అంది.

సాయంత్రం రైల్లో కూర్చుని చాలాసేపు తన మీద జాలి పడ్డాడు. ఇంటికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాడు. భ్రమరాంబ హాల్లో టీవీ చూస్తున్నారు. నిఖిల వంటింటి గడపలో నిలబడి వింది. మాడ్రిడ్ లేదనగానే ఆమె ఊపిరి బయటికి వదలడం అతనికి వినబడింది.

"నీకు ఇష్టం లేదా?"

"ఇష్టం లేకపోవడం కాదు." ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. అమ్మ పక్కగదిలో ఉన్నా ఏవండీ అనలేదు. "మే నెలలో మా ఆఫీసులో నన్ను టీమ్ లీడ్‌గా ఉండమన్నారు గోపీ. డెలివరీ అయ్యాక వచ్చి చేరమన్నారు. అందాకా ఆగుతామన్నారు."

"మే నెలలోనా? నాకెందుకు చెప్పలేదు?"

"చెబుదామని వచ్చాను. నువ్వు స్పానిష్ పుస్తకం కొనుక్కొచ్చావు ఆ రోజే."

అతను ఆ రోజుని గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించాడు. పుస్తకం గుర్తొచ్చింది. ఆమె మొహం గుర్తు రాలేదు. సిగ్గేసింది. సాంగ్రియా అబద్ధం బయటపడ్డప్పటి సిగ్గు కాదిది. అప్పుడు నవ్వడానికి పిలార్ ఉంది.

"వాళ్ళకి ఏమన్నావు?"

"ఆలోచించుకుని చెబుతానన్నాను. రెండు నెలలు దాటింది. శుక్రవారం లోపల చెప్పమన్నారు."

"చేస్తానని చెప్పు."

అన్న తరవాత తన మాట తనకే వినబడింది. నాలిక కరుచుకుని, మళ్ళీ మొదలుపెట్టాడు. "నీకేం చెయ్యాలని ఉంది?"

నిఖిల అతన్ని కొంచెం అనుమానంగా చూసింది. నిజంగా అడుగుతున్నాడో, ప్రీ-సేల్స్‌కి సాధన చేస్తున్నాడో తేల్చుకుంటున్నట్టు ఉంది.

"చెయ్యాలని ఉంది" అంది. "అయితే పాపకి ఏడాది నిండేదాకా మనం ఇద్దరం ఇల్లు ఎలా చూసుకుంటామో ముందు తేలాలి. అమ్మ ఎన్నాళ్ళని ఉంటుంది? నీకు డిన్నర్లుంటాయంటున్నావు. వారానికెన్ని? ఆ మధ్య సెంగ్‌కాంగ్ పేటలో ఇంకో ఇల్లు చూద్దామన్నావు, అది మా ఆఫీసుకి ఎంత దూరమో చూశావా?"

అతను చూడలేదు. చూడలేదని చెప్పాడు.

"ఇంకా నేను అడగనివి ఏమైనా ఉన్నాయా?" అన్నాడు.

"ఉన్నాయి" అంది నిఖిల. ఎదుటి కుర్చీ మీద కాళ్ళు చాపుకుని, వీపు వెనక దిండు సర్దుకుని, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది.

హాల్లో భ్రమరాంబ టీవీ సౌండు తగ్గించారు.